దారం కట్టిన మొక్క

నిమ్మనపల్లెలో ఒక పాత ఇల్లు. పెరటి అరుగు మీద రెండు తడిగుడ్డలు, వాటి ముందు అత్త, ఎదురుగా అల్లుడు. పన్నెండు రోజుల కిందట అల్లుడు మదనపల్లెలోని తన విత్తనాల అంగడి నుంచి కొత్తిమీర ప్యాకెట్ ఒకటి తెచ్చాడు. ఇంట్లో మట్టి గురిగినిండా గింజ పెట్టుకుని అంగడి గింజ చల్లేదేంది అని అత్త అన్నది. మాటమీద మాట పెరిగి పందెం దాకా పోయింది. గురిగిలోవి 20 గింజలు, ప్యాకెట్‌లోవి 20. ధనియం చూడటానికి ఒక గింజే అయినా లోపల విత్తనాలు రెండు. నలిపితే రెండు బద్దలవుతుంది. కాబట్టి అటు 40, ఇటు 40. రోజూ నీళ్లు చిలకరించే పని కోడలిది. ఆమె ఏ పక్షమూ కాదు.

ఈరోజు గుడ్డలు విప్పారు. ప్యాకెట్ బద్దల్లో మొలిచినవి 29. గురిగి బద్దల్లో 14.

అల్లుడు: లెక్క నువ్వే పెట్టినావు కదా అత్తా. ఇంక నేను చెప్పేదేముంది?

అత్త: చెప్పకుండా ఉంటావా! అంత దూరం నుంచి బండేసుకుని వచ్చింది చెప్పడానికే కదా. చెప్పు, వింటా.

అల్లుడు: ఇంటి విత్తనం మంచిదే. కాదనను. కానీ మంచిదని మనం అనుకుంటే చాలదు, మొలవాల. నా ప్యాకెట్ మీద చూడు: ఏ రకం, నూటికి ఎన్ని మొలుస్తాయి, ఏ రోజు పరీక్ష చేసినారు, ఎప్పటిదాకా చల్లుకోవచ్చు, అన్నీ అచ్చేసుంటాయి. 1966 విత్తన చట్టం నుంచి వస్తున్న పద్ధతి ఇది. నీ గురిగి మీద ఏముంది? మసి ఉంది.

అత్త: గురిగి మీద మసి లేకుంటే లోపల గింజే ఉండేది కాదు, పురుగుండేది. పరీక్ష మీరు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడొద్దు. పెళ్లిలో పాలికలు ఎందుకు పోస్తారు? మన్ను తెచ్చి, మూకుళ్లలో పోసి, నవధాన్యాలు చల్లి, మొలక ఎట్లొచ్చిందో చూస్తారు. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందురోజు రాత్రి అంకురార్పణ చేస్తారు కదా, అదేంది మరి?

అల్లుడు: అది పూజ. శుభం కోరి చేసేది. పాలికల్లో మొలక రాలేదని ఏ పెళ్లయినా ఆగిందా? ఫలానా గింజ పనికిరాదని ఏ అయ్యవారైనా పక్కన పెట్టినాడా? లెక్కపెట్టి, తేడా చూసి, పనికిరానిదాన్ని పారేస్తేనే పరీక్ష. ప్రతి ఆచారంలోనూ సైన్సు వెతికేది మానెయ్ అత్తా. ఆచారానికి దాని గౌరవం దానికుంది.

అత్త: సరే, ఆ మాట ఒప్పుకుంటా. లెక్కపెట్టేది నేనూ ఎప్పుడూ చెయ్యలా. మొలవకపోతే ఇంకో పిడికెడు ఎక్కువ చల్లేదాన్ని. అయినా మా అత్త ఉన్నప్పుడు ఇట్ల సగానికి సగం పోయింది లేదు. అదే గురిగి, అదే ఉట్టి, వంటింట్లో అదే మూల. ఏడాది తిరిగినా గింజ చెక్కుచెదిరేది కాదు.

అల్లుడు: ఆ ఉట్టి కింద అప్పుడేముండేది?

అత్త: పొయ్యి.

అల్లుడు: కట్టెల పొయ్యి. పొద్దున సాయంత్రం సెగ, పొగ. సెగ గింజలో తేమను లాగేసేది, పొగకు పురుగు చేరేది కాదు. ఇప్పుడు అక్కడేముంది?

అత్త కాసేపు మాట్లాడలేదు. వంటింట్లోంచి కుక్కర్ కూత వినబడింది. అత్తకు బదులు అదే జవాబు చెప్పినట్టు అల్లుడు నవ్వాడు.

అల్లుడు: గ్యాసు పొయ్యి, దానిమీద కుక్కర్. పొగ పోయి ఆవిరి వచ్చింది. గురిగి మాత్రం చోటు మారలేదు. మట్టి గురిగికి గాలి ఆడుతుంది కాబట్టి ఆవిరిలో తేమంతా గింజకు ఎక్కింది. మీ అత్త చేసిన పనే నువ్వూ చేస్తా ఉండావు. కానీ ఆ పని ఎందుకు ఫలించేదో, ఆ కారణం ఇంట్లోంచి వెళ్లిపోయింది.

అత్త: అంటే పొయ్యి మార్చినప్పుడే గురిగినీ మార్చాలంటావు.

అల్లుడు: హారింగ్టన్ అని ఒక విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఉంది. గింజలో తేమ నూటికి ఒక పాలు తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుంది. దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే, ఇంకో రెట్టింపు. ఎండు, చల్లన, చీకటి. ఈ మూడే. నార్వే దేశానికి ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల్లో కొండను తొలిచి 2008లో విత్తనాల ఖజానా పెట్టినారు. అక్కడ సున్నాకు 18 డిగ్రీలు కింద దాస్తారు. సూత్రం మాత్రం నీ ఉట్టిదే. గింజను ఎండబెట్టు, తేమ దగ్గరికి రానీయొద్దు.

అత్త: నాకు కొండ ఎక్కడుంది నాయనా? గుప్పెడు ధనియాలకు ఖజానా కట్టించమంటావా?

అల్లుడు: గాజు సీసా చాలు. పొడిగా ఉన్న సీసాలో గింజ పోసి, చిటికెడు పొడి ఉప్పు వేసి ఆడించు. కాసేపు పెట్టి చూడు. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజ ఇంకా ఆరలేదని. అంటుకోకుండా జారితే మూత బిగించొచ్చు. లోపల వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డలో మూటగట్టి పెడితే మిగిలిన తేమ అది పీల్చుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టుకున్నా మంచిదే. కానీ బయటికి తీసిన వెంటనే మూత తెరవకూడదు. చల్లటి గింజ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. సీసా మామూలు వేడికి వచ్చేదాకా ఆగాల.

అత్త: ఇది బాగుండాది. ఉప్పు సంగతి నాకు తెలీదు. నేను పంటి కింద వేసి చూస్తా. పటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఆరనట్టు.

అల్లుడు: అదీ పరీక్షే. నేను కాదనను. సీసా మీద నెల, ఏడాది రాసి అంటించు. ఏ ఏటిదో తెలియని గింజను నమ్మొద్దు.

అత్త: నీ వంతు అయిందా? ఇంక నేనడుగుతా. నీ ప్యాకెట్‌లో గింజకు గులాబి రంగు యాల ఉండాది?

అల్లుడు: బూజు పట్టకుండా మందు పట్టిస్తారు. అది తెలియాలనే రంగు.

అత్త: అంటే మిగిలింది చారులోకి దంచుకునేదానికి లేదు. నా గురిగిలోది చల్లగా మిగిలితే పోపుల డబ్బాలోకి పోతుంది. ఒకటే గింజ, చల్లితే విత్తనం, దంచితే ధనియాల పొడి. నీది ఒక్కదానికే పనికొస్తుంది. ఇంకో మాట. అంగడికి వచ్చినోళ్లకు నువ్వు ఏం చెప్పి అమ్ముతావు? అన్నీ కొనుక్కోవాల్సిందే అంటావా?

అల్లుడు: టమాటాకు అంటాను. మన చుట్టూ పండేదంతా హైబ్రిడ్. మదనపల్లె మార్కెట్‌కు పోయే కాయలో గింజ తీసి చల్లితే పైరు ఒక్క తీరుగా రాదు. ఒకటి అమ్మ పోలిక, ఒకటి నాయన పోలిక, ఇంకొకటి ఎవరి పోలికో తెలీదు. అప్పు చేసి సేద్యం చేసే రైతు ఆ జూదం ఆడలేడు. దాంట్లో నాతో వాదం పెట్టుకోవద్దు.

అత్త: పెట్టుకోను. టమాటా నీకే వదిలేసినా. పెరటి ఆకుల సంగతి చెప్పు.

అల్లుడు: పెరటి ఆకుల్లోనూ అన్నిటికీ విత్తనం తీసే పని లేదు కదా.

ఇక్కడ అత్త లేచి పెరట్లోకి నడిచింది. అల్లుడు వెంట నడిచాడు. గురిగి దగ్గర తగ్గిన గొంతు మొక్కల మధ్యకు రాగానే మళ్లీ పెరిగింది.

అత్త: ఇది పుదీన. దీన్ని గింజ అడగకూడదు. కాడ తుంచి తడిమట్టిలో గుచ్చితే తల్లి ఎట్లుంటే బిడ్డ అట్ల వస్తుంది. తొట్లో ఉండేది వామాకు. ఇదీ కొమ్మ తుంచి నాటేదే. పేరు వామాకు కాబట్టి దీనికే వాము కాస్తుందని పట్నంవాళ్లు కాచుకుని కూర్చుంటారు. పోపులో వేసే వాము వేరే మొక్క, దాని పూత కొత్తిమిరి పూత మాదిరి గొడుగులా విచ్చుకుంటుంది.

అల్లుడు: కరివేపాకు?

అత్త: దాని పండు నల్లబడిన రోజే తీయాల, ఆలస్యమైతే పిట్టలు మిగల్చవు. గుజ్జు కడిగేసి, ఆ తడి మీదనే మట్టిలో పెట్టాల. ఎండబెట్టి దాస్తే చచ్చిపోతుంది. నీ హారింగ్టన్ లెక్క దీనికి చెప్పు చూద్దాం.

అల్లుడు: చెల్లదు. కొన్ని గింజలు ఎండితే బతకవు. మామిడి టెంక కూడా అంతే. ఆ లెక్క ఎండినా ప్రాణం నిలుపుకునే గింజలకే. ఇది నీ గెలుపు, రాసుకో.

అత్త: రాసుకునేదానికి నాకు ప్యాకెట్ లేదు. తులసి చూడు, వెన్ను కింద నుంచి పైకి ఎండుతుంది. పైన పూత ఉండగానే కింద గింజ రాలిపోతుంది. అంతా ఎండేదాకా కాచుకుంటే చాటలోకి వచ్చేది ఉత్త పొట్టే. సగం గోధుమరంగు రాగానే కోసి, కాగితం మీద నీడలో పరచాల. సబ్జాకూ ఇదే పద్ధతి. కాకపోతే సబ్జాను నీళ్లతో కడగరాదు. తడి తగిలితే ఉబ్బి జిగట పట్టేస్తుంది, ఇంక దాచేదానికి పనికిరాదు. చాటలో చెరిగి, మెల్లగా ఊదాల. మెంతికి ఈ అవస్థ లేదు. కాయ ఎండి పసుపు తిరిగితే కోసుకోవచ్చు.

అల్లుడు: మెంతి తన పువ్వులోనే తాను జతకట్టుకుంటుంది. అందుకని ఒక్క మొక్క నుంచి తీసినా రకం మారదు. కొత్తిమీర అట్ల కాదు. తేనెటీగలు ఈ మడి నుంచి ఆ మడికి పుప్పొడి మోస్తాయి. పక్కింట్లో వేరే రకం పూస్తే నీ గింజలో అది కలుస్తుంది. ఇంతకీ మీ అత్త విత్తనం, మీ అత్త విత్తనం అంటావే, నడుమ ఎప్పుడూ సంతలో ధనియాలు కొని చల్లలేదా?

అత్త: రెండుసార్లు. ఒక ఏడు వానకు మడి కొట్టుకుపోయింది. ఇంకో ఏడు నేను ఆస్పత్రిలో ఉన్నా. చెప్పు కింద నలిపి చల్లినాం, వచ్చింది.

అల్లుడు: చూసినావా! సంతలో ధనియాలు గింజ కోసం పండించినవి. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం వాళ్లు సింధు, సాధన, స్వాతి, సుధ అని రకాలు ఇచ్చినారు. నల్లరేగడి నేలలో, వానలు పోయినాక మిగిలిన తేమ మీద గింజ బాగా పండాలని ఎంచినవి అవి. ఆకు కోసం ఎంచిన రకాలు వేరు. గింజకు ఎంచినదాన్ని ఆకు ఇమ్మంటే ఎట్ల? నీ మడి చూడు. మార్గశిరంలో చల్లినావు, ఇప్పుడు మాఘం. సగం మొక్కలు అప్పుడే కాడ లేపి పూతకొచ్చినాయి. ఆకు సన్నంగా సోంపాకులా అయిపోయింది. నీ విత్తనం తక్కువ మొలవడం ఒక తప్పు. మొలిచినవాటిలో సగం ఆకివ్వకుండానే పూయడం రెండో తప్పు. మొదటిదానికి సీసా చాలు. రెండోదానికి నా ప్యాకెట్ తప్ప దారి లేదు.

ఇది గట్టి దెబ్బ. ఎండ ముదిరిందని అత్త ఒక సాకు చెప్పబోయి, మళ్లీ మడి వైపు చూసి ఆగిపోయింది.

అత్త: ఎండ అంటే సరిపోదు. ఒకటే మడి, ఒకటే నీళ్లు, ఒకే రోజు చల్లిన గింజ. ఆ అంచున ఉన్నవి చూడు, గుబురుగా, ఆకు వెడల్పుగా, ఇంకా కాడే లేవలేదు. ఎండ వాటికి తగల్లేదా?

అల్లుడు: తగిలింది. వాటి పుట్టుకే అంత. నిదానంగా పూస్తాయి.

అత్త: మరి వాటి గింజ నా గురిగిలోకి ఎప్పుడైనా వచ్చిందా? రాలే. యాల రాలేదో ఇప్పుడు తెలుస్తా ఉండాది. గుబురుగా ఉండేదాన్ని పీక్కుని చారులో వేసుకుంటి. వేళకాకముందే పూసి ఆకు పనికిరాకుండా పోయినదాన్ని, పోనీలే విత్తనానికన్నా అవుతుందని వదిలేస్తి. ఏటేటా మంచిది తిన్నా, చెడ్డది దాచినా. త్వరగా పూసే బుద్ధి నేనే దానికి నేర్పించినా.

అల్లుడు మారు మాట్లాడలేదు. ఇంతసేపూ వాదించింది అతని అంగడి. ఇప్పుడు అంగడి ఊసు లేని చోటికి మాట వచ్చింది.

అత్త: మా అత్త ఇట్ల చేసేది కాదు. మొలిచిన నెలకంతా మడిలోకి దిగి, బాగున్న మొక్కలకు ఎర్ర దారం కట్టేది. దారం కట్టిన మొక్కను ఇంట్లో ఎవరూ గిల్లకూడదు, చుట్టాలొచ్చినా సరే. అదేదో దిష్టికి కడుతుంది అనుకున్నా. ఆమె పోయినాక దారం మానేసినా. గురిగిని దేవుడి మాదిరి దాచినా, దారాన్ని మాత్రం మరిచిపోతి. తినగా మిగిలింది విత్తనం కాదబ్బీ, విత్తనానికి తీయగా మిగిలిందే తిండి.

అల్లుడు: ఈ మాట నా ప్యాకెట్‌కూ వర్తిస్తుంది అత్తా. లాంలోనైనా, కంపెనీలోనైనా ఎవరో మడిలోకి దిగి, మంచి మొక్కను తినకుండా ఆగినారు కాబట్టే అది రకం అయింది. మేము అమ్మేది ఆ ఆగడాన్నే.

అత్త: అట్లయితే ఆ ఆగేదేదో ఇక్కడే ఆగితే పోలా? మన మట్టిలో, మన నీళ్లకు, మన నోటికి ఏది బాగుందో చూసుకునేది మనమే కదా. మీ కంపెనీవాడికి నిమ్మనపల్లె చారు రుచి తెలుసునా?

అల్లుడు: తెలీదు. కానీ నాలుగేళ్లు దారం కట్టినంత మాత్రాన కొత్త రకం పుట్టుకొస్తుందని ఆశపడొద్దు. మెల్లగా వస్తుంది. ఒక్క మొక్కకే కట్టినా లాభం లేదు. కొత్తిమీర పరాగం కలిసే జాతి, ఒకదాని సంతానంతోనే నడిపితే ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది. పదిహేను, ఇరవై మొక్కలకన్నా కట్టు. ముఖ్యమైనది ఇంకొకటి. త్వరగా పూసినవాటిని ఇప్పుడే పీకెయ్. దారం కట్టినవి పూసేటప్పటికి అవి మడిలో ఉండకూడదు. ఉంటే తేనెటీగ ఆ పుప్పొడినే తెచ్చి వీటికి పూస్తుంది, నీ దారం దండగ.

అత్త: ఇది మా అత్త కూడా చెప్పలేదు. ఆమె అవన్నీ పీకేది చూసి, పూల కోసం పీకే అలవాటేమో అనుకున్నా.

అల్లుడు: ఈ పని చేసేవాళ్లు ఇంకా ఉండారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా విత్తనాల బ్యాంకులు పెట్టుకున్నాయి. కొలిచి అప్పిస్తారు, పంట వచ్చినాక ఎక్కువ కొలిచి తిరిగి తీసుకుంటారు. పాత పంటల జాతర అని ఎడ్లబండ్ల మీద ఊళ్లు తిరుగుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చినారు.

అత్త: అంగడోడివి, నువ్వే వాళ్లను పొగడతా ఉండావే!

అల్లుడు: తెలిసింది చెప్పాల కదా. చట్టం కూడా నీ పక్కనే ఉంది. 2001లో వచ్చిన మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంటలో గింజ దాచుకోవచ్చు, మళ్లీ చల్లుకోవచ్చు, పక్కవాళ్లకు ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు.

అత్త: ఇరుగమ్మకు పిడికెడు విత్తనం పెట్టేదానికి చట్టం అడగాలని మాకు తెలీదులే. ఉండాది అంటే మంచిదే. ఇంతకీ పందెం ఎవరిది?

అల్లుడు: గుడ్డ మీద నాదే. 29, 14.

అత్త: గుడ్డ మీద నీదే. మడిలో ఇంకా తేలలే. వచ్చే మార్గశిరానికి రా, మళ్లీ గుడ్డ పరుద్దాం. అప్పుడు మొలకే కాదు, ఎన్నో రోజుకు పూసిందో కూడా లెక్కపెడదాం.

అల్లుడు: పెడదాం. గింజ కోసేటప్పుడు మాత్రం మొత్తం ఎండేదాకా ఉండొద్దు.

అత్త: అది నాకు చెప్తావా? గొడుగులో మూడింట రెండు వంతులు గోధుమరంగుకు తిరగంగానే, పొద్దున్నే మంచు ఆరకముందే కోస్తా. ఎండెక్కితే చెయ్యి తగిలితే చాలు రాలిపోతాయి. కాడలు కట్టగట్టి, తలకిందులుగా గుడ్డసంచిలో వేలాడదీస్తా. రాలినవి సంచిలోనే ఉంటాయి. వేలాడదీసేది మాత్రం వంటింట్లో కాదులే.

పాత చీర ఎర్రంచు చింపి అత్త పీలికలు చేసింది. అల్లుడు చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. ఏది గుబురో ఆమె చూపించింది, అతను కట్టాడు. ఒకచోట అతను వద్దన్న మొక్కకు ఆమె పట్టుబట్టి కట్టించింది. ఆకు చిన్నదే కానీ వాసన చూడు అన్నది. వాసన చూసి అతను ముడి వేశాడు. వాసనను కొలిచే గడి అతని ప్యాకెట్ మీద లేదు. పద్దెనిమిది ముడులయ్యాయి.

అంతలో కోడలు వంటింట్లోంచి వచ్చింది. పొయ్యి మీద చారు మరుగుతున్నట్టుంది, తొందరలో ఉంది. మడి అంచున ఉన్న గుబురు మొక్క మీదికి చెయ్యి పోయింది. అత్త, అల్లుడు ఒక్క గొంతుతో అరిచారు.

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎర్ర పీలికలను చూసింది, ఇద్దరి ముఖాలూ చూసింది. అత్త పూతకొచ్చిన మొక్కల వైపు వేలు చూపించి, ఇంక వాటినే పీక్కోమంది. కోడలు ఆ సన్నాకులు నాలుగు దూసుకుని, అరుగు మీది తడిగుడ్డల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"పన్నెండు రోజులు నీళ్లు పోసింది నేను. ఇద్దరూ గెలిచినట్టే ఉండారు. నా చారు ఓడిపోయింది" అని లోపలికి పోయింది.